ఒక గడి కిందికి

కత్తెర కనపడకపోతే వదిన. గొడుగు కనపడకపోతే వదిన. పాలు పొంగి పొయ్యి మీద పడితే, ఆ సమయానికి ఆవిడ స్నానానికి వెళ్లి ఉన్నా సరే, వదినే. ఇంట్లో ఏది తేడా వచ్చినా ముందు ఆవిడ వంక చూడటం ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. ఆవిడా అంతే. ఎవరూ అడగకముందే లేచి వెతకడం మొదలుపెట్టేది.

వదిన అంటే రిపేరక్కకి పెద్దాడపడుచు. అదే ఇంట్లో, వీధి వైపు గదిలో ఉంటుంది. రిపేరక్క అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. వెబ్ పేజీల్లో ఏ బటన్ నొక్కితే పలక్కపోయినా, ఏ మెనూ తెరుచుకుని మళ్లీ మూసుకోకపోయినా, ఒక పెట్టె వెళ్లి మరో పెట్టె నెత్తినెక్కి కూర్చున్నా చివరికి ఆమె బల్ల దగ్గరికే వచ్చేవి. కొత్త ఇళ్లు కట్టేవాళ్లు వేరే ఉన్నారు, కారే చోట మాటు వేసేది ఆమె. ఆ పేరు ఇంటిదాకా పాకింది. సరదా పుట్టినప్పుడు మొగుడు కూడా అలాగే పిలిచేవాడు.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే కూర్చుని పని చేసుకుంటోంది. వీధి తలుపు తాళం తిరిగింది. వదిన వచ్చే వేళ కాదు. వదిన చెప్పులు విప్పి, గోడ వారగా జతచేసి పెట్టింది. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. డబ్బా బరువుగానే ఉంది, తిన్నట్టు లేదు.

"ఇవాళ తొందరగా వచ్చేశావేం వదినా?"

"పంపించేశారు." ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని నిలబడింది. "మూడు రోజులాగి రమ్మన్నారు. విచారణట."

వదిన పని ఒక ఆసుపత్రి వంటశాలలో. రోగులకి వెళ్లే ప్రతి ట్రే మీదా ఒక చీటీ ఉంటుంది, ఎవరికి ఏది పడదో, ఏది తగ్గించాలో. ఆ చీటీలు తయారుచెయ్యడమే ఆవిడ పని. ఇంతకుముందు చేత్తో రాసేవారు. నిరుడు దానికోసం ఒక పేజీ చేయించారు. "మా మరదలు వాళ్ల ఆఫీసులో చేస్తారండీ" అని చెప్పి ఆ పని రిపేరక్క ఆఫీసుకి ఇప్పించింది వదినే. పేజీలో మంచాల వరసన రోగుల పేర్లుంటాయి. ఒక్కో పేరు పక్కన ఒక గడి. ఆ గడిలో రాసింది చీటీ మీద అచ్చవుతుంది.

జరిగింది వదిన రెండు ముక్కల్లో చెప్పింది. వేరుశనగ పడని ఒక ముసలాయనకి వేరుశనగ పొడి వేసిన కూర వెళ్లింది. రెండు ముద్దలకే పెదాలు వాచి ఊపిరి ఆడలేదు. ఉన్నది ఆసుపత్రిలోనే కాబట్టి బతికి బయటపడ్డాడు. చూస్తే 'వేరుశనగ వద్దు' అన్న మాట ఆయన కింద మంచం మనిషి చీటీ మీద ఉంది. ఆ మనిషి శుభ్రంగా తిని పడుకున్నాడు. పక్క గడిలో కొట్టేశావు, కళ్లెక్కడ పెట్టుకున్నావన్నారట.

సాయంత్రం ఇంటిల్లిపాదికీ తెలిసింది. అత్తగారికి ఆశ్చర్యం కూడా కలగలేదు. అది చిన్నప్పటి నుంచీ అంతేనని, బళ్లోంచి తన పలక అక్కడే వదిలేసి పక్కపిల్ల పలక ఇంటికి తెచ్చేదని చెప్పి, పాపం ఆ పక్కపిల్ల ఏడ్చిన తీరు కూడా చేసి చూపించింది. కూతురు అలాంటిదని ఆవిడకి కోపం లేదు, చెప్పుకోవడానికి అదో కథ. తమ్ముడు మంచి మాటే చెప్పాననుకున్నాడు: ఒప్పేసుకో అక్కా, క్షమించమంటే వదిలేస్తారు.

"పేరు చూసే రాశానురా," అంది వదిన.

"ఎక్కడో కన్ను జారి ఉంటుందిలే వదినా," అంది రిపేరక్క. "మనుషులం కదా." ప్రేమగానే అంది. వదిన ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, ఇక ఆ మాట ఎత్తలేదు.

భోజనాలయ్యాక వదిన రోజూ లాగే తెల్ల ఏప్రన్ బల్ల మీద పరిచి ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. మర్నాడు వెళ్లేది లేదు. అయినా నాడాలు రెండూ సాగదీసి, నీళ్లు చిలకరించి, అంచులు నొక్కి నొక్కి చేసింది. వంటశాలలో ఆవిడని 'చీటీలమ్మ' అంటారు. ఆవిడ చీటీ అంటించకపోతే ఒక్క ట్రే కూడా కదలదు. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు గానీ, ఆ ఏప్రన్‌ని ఇంకెవరినీ ఇస్త్రీ చెయ్యనిచ్చేది కాదు.

*

మర్నాడు ఆఫీసుకి వెళ్లేసరికి ఆసుపత్రి నుంచి వచ్చిన పని ఆమె పేరు మీదే ఉంది. సిబ్బంది పరధ్యానం వల్ల పొరపాటు జరిగిందని, అలాంటివాళ్ల కోసం వరస మార్చి వరసకి రంగులు వేసి ఇవ్వమని. ఆధారంగా ఆ రోజు అచ్చయిన జాబితా, పక్కనే డాక్టర్లు రాసిందీ పంపారు.

రంగులు వెయ్యడం చిటికెలో పని. ఆమె చెయ్యి దాని మీదికి పోలేదు. జాబితా ముందు పెట్టుకుని కూర్చుంది. పై మూడు మంచాలకీ రాతలు సరిగ్గా ఉన్నాయి. అక్కడి నుంచి కింద అన్నీ ఒక గడి జారాయి. ఉప్పు తగ్గించాల్సిన మాట కింది మంచానికి, మెత్తగా చేసి పెట్టమన్న మాట ఆ కింది మంచానికి, వేరుశనగ మాటా అంతే. చివరిదాకా ఒక్కటి కూడా గాడి తప్పలేదు. పరధ్యానంలో కొట్టేవాళ్లు ఒకచోట తప్పు కొడతారు, ఇంకోచోట ఒప్పు కొడతారు. మతిమరుపు మనిషి తప్పు ఇంత శుభ్రంగా ఉండదు.

పేజీ కట్టినతన్ని పిలిచింది. ఆమె కంటే చాలా చిన్నవాడు. ఏ ప్రశ్న అడిగినా సమాధానం నాలిక చివర ఉంటుంది కాబట్టి అందరూ గురువు అంటారు. అతను వచ్చి నిలబడే గడులు నింపాడు, సేవ్ నొక్కాడు, ఒక వరస తీసేశాడు, మళ్లీ తెరిచి చూపించాడు. ఎక్కడివక్కడే ఉన్నాయి.

"పేజీ బంగారం అక్కా," అన్నాడు. "మీ వదినగారని నీకు మనసొప్పడం లేదు గానీ."

ఆమె కూడా చేసి చూసింది. బంగారమే. పని తెలిసినవాళ్ల చేతిలో అది ఎప్పుడూ బంగారమే. రాస్తారు, వెంటనే సేవ్ నొక్కుతారు, ఆ తర్వాతే ఇంకో పని. తమ వేళ్లకి అలవాటైన వరసలోనే పరీక్షిస్తారు. ఇంకోలా చేసేవాళ్లు ఉంటారని తోచదు.

ఆ రోజు పెందలాడే ఇంటికి వచ్చింది. ఇంకా వెలుగుంది. వదిన వంటింట్లో డబ్బాలన్నీ దించి తుడుస్తోంది. రిపేరక్క ల్యాప్‌టాప్ భోజనాల బల్ల మీద పెట్టి, ఆ రోజు పేర్లతోనే పేజీ నకలు తెరిచి, ఒకసారి కూర్చోమంది.

"ఎందుకులే అమ్మాయ్. మళ్లీ ఏదో చేస్తాను."

"ఇది ఉత్తుత్తిదే వదినా. ఏం చేసినా ఎవరికీ ఏమీ కాదు. రోజూ ఎలా చేస్తావో అలా చెయ్యి."

వదిన చేతులు తుడుచుకుని కూర్చుంది. ఎడమ చేతి చూపుడు వేలు తెర మీద పేరుకి ఆనించింది. కుడి చేత్తో గడిలో రాసింది. వేలు కింది పేరు మీదికి జరిపింది. పేరు పెదాలతో చదువుకుంది. మళ్లీ రాసింది. రిపేరక్క ఆ వేలునే చూస్తూ ఉండిపోయింది. పేరు మీది నుంచి వేలు తియ్యకుండా ఇంకొకరి గడిలో రాయాలంటే కావాలని రాయాలి. ఇన్నేళ్లలో ఈవిడ పని చేస్తుంటే తను ఎప్పుడూ చూడలేదు. ఈవిడ వెతుకుతుంటేనే చూసింది.

"ఆ రోజు కూడా ఇలాగేనా?"

"ఇలాగే. రాయడం అయిపోయాక వార్డు నుంచి ఫోనొచ్చింది, నాలుగో మంచం ఆవిడ ఇంటికెళ్లిపోయిందని. రోజూ ముందే చెప్తారు, ఆ పూట ఆలస్యమైంది. తీసేశాను."

"తీసేసే ముందు సేవ్ నొక్కావా?"

వదిన తప్పు పట్టుబడ్డట్టు చూసింది. "అది నొక్కితే చక్రం తిరుగుతుంది కదమ్మాయ్. అది తిరిగినంతసేపూ అక్కడ ట్రేలు ఆగిపోతాయి. కూర చల్లారిపోతుందని వంటవాళ్లు తిడతారు. అంతా అయ్యాక ఒక్కసారే నొక్కుతాను."

"ఇప్పుడు నాలుగో ఆవిణ్ణి తీసెయ్యి."

వదిన తీసేసింది. సేవ్ బటన్ పైనే ఉంది, చెయ్యి దాని మీదికి వెళ్లింది. రిపేరక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపి, పేజీని కిందికి జరిపింది. వేరుశనగ మాట ముసలాయన పేరు పక్కన లేదు. కింది మనిషి పక్కన ఉంది. మిగతావన్నీ అలాగే, ఒక్కో గడి కిందికి.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

"ఇది నేను చేసిందేనా?" అంది వదిన చివరికి.

"నువ్వు కాదు వదినా. పేజీ."

"నొక్కింది నేనే కదా," అని లేచి వెళ్లి పొయ్యి ఆర్పింది.

*

జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టేవాళ్లు ప్రతిదీ మొదటి నుంచి రాసుకోరు. తయారుగా దొరికే కోడ్ మూటలు, లైబ్రరీలంటారు, తెచ్చుకుని వాటితో కడతారు. జాబితాలోంచి ఒక వరస తీసేస్తే మిగిలినవాటిలో ఏది ఎవరిదో లైబ్రరీ పోల్చుకోవాలి కదా, అందుకని ప్రతి వరసకీ ఒక గుర్తు కట్టాలి. రోగి నంబరు కట్టి ఉంటే ఏ చిక్కూ ఉండేది కాదు. గురువు వరస నంబరు కట్టాడు. నాలుగో ఆవిడ వెళ్లిపోగానే అయిదో మనిషి నాలుగో చోటికి జరిగాడు. లైబ్రరీకి చోటే గుర్తు, మనిషి కాదు. పేర్లన్నీ పైకి జరిపి, గడుల్లో సేవ్ కాని రాతని ఉన్నచోటే వదిలేసింది.

విచారణకి ముందు రోజు పొద్దున్నే రిపేరక్క ఇదంతా చేసి చూపిస్తే గురువు ముఖం పాలిపోయింది. తెలియని విషయమేమీ కాదు. కొత్తగా చేరినవాళ్లకి ఈ తప్పు చెయ్యొద్దని అతనే పాఠం చెప్తాడు. తొందరలో పెట్టి, తర్వాత మారుద్దామనుకుని మర్చిపోయాడు. అతని మతిమరుపు గురించి ఏ ఇంట్లోనూ కథలు లేవు.

"ఒక్క లైను అక్కా. ఇప్పుడే మార్చేస్తాను," అన్నాడు. కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "దాంతోపాటు రంగులు కూడా వేసి పంపిద్దాం. మళ్లీ జరగదు. జరిగింది మనవల్లేనని చెప్పడం ఎందుకు?"

"మళ్లీ జరగదు, సరే. జరిగినదాని మీద ఒకరి పేరు రాసి ఉంది కదా."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన విషయమిదని, ఒప్పుకుంటే ఆసుపత్రి పని పోతుందని, ఆ పని పోతే యజమాని ఎవరినో ఒకరిని తగ్గిస్తాడని చెప్పాడు. కొత్తవి కట్టేవాళ్లని తగ్గించరు అన్న మాట పైకి అనలేదు. అనక్కర్లేదు కూడా. ఆమెకి కోపం రాలేదు. అతని ఇంట్లో చంటిపిల్ల ఉంది. తన ఇంట్లో వాయిదాలున్నాయి. లైను మార్చడం అతనికే వదిలేసి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

సాయంత్రం వంటింట్లో మొగుడితో చెప్పింది. అతను విని, వేలితో గట్టు మీది తడిని గీశాడు. నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకు, మన ఇల్లు నడిచేది దానిమీదే అన్నాడు. "అక్కది ఎలాగూ..." అని, మిగతాది మింగేశాడు.

పక్క గదిలో ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

*

పొద్దున రిపేరక్క తయారై వచ్చేసరికి వదిన గదిలో లేదు. తొందరగా వెళ్లిందని అత్తగారు చెప్పింది. గొడుగు మర్చిపోయే ఉంటుందని కూడా అంది. గొడుగు మేకుకి లేదు, తీసుకెళ్లింది.

వంటశాల ఆసుపత్రి వెనక వైపు ఉంది. ఆవిరి, సబ్బు వాసన, స్టీలు గిన్నెల మోత. మేనేజరు ఆమె వయసు మనిషే, చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లుండే రకం. రిపేరక్కని చూసి, రంగులు వేసిచ్చారా అని అడిగింది. విచారణ ఎప్పుడంటే, ఇంక ఎందుకండీ, ఆవిడ పొద్దున్నే వచ్చి తప్పు తనదేనని రాసిచ్చేసింది అంది. మంచి మనిషి కాబట్టి తీసెయ్యడం లేదట. ట్రేలు కడిగే పనికి మార్చారట.

రిపేరక్క అటు తిరిగి చూసింది. గది చివర తొట్టి దగ్గర, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని వదిన నిలబడి ఉంది. తెల్ల ఏప్రన్ లేదు, ముదురు రంగు ప్లాస్టిక్ ఏప్రన్. మరదల్ని చూసి, ఎందుకొచ్చావన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఒక్క క్షణం రిపేరక్క కాళ్లు తిరిగి వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాయి. కాగితం మీద సంతకం అయిపోయింది. ఆఫీసులో లైను మారిపోయింది. రంగులు వేసిచ్చి వెళ్తే అందరి ఉద్యోగాలూ ఉంటాయి, వదినదీ ఏదో ఒకటి ఉంటుంది. అందరి పేర్లూ చక్కగా పైకి జరుగుతాయి.

ఆమె గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టి, పాత పేజీ తెరిచింది. "మీరే ఒకసారి రాయండి మేడమ్," అంది.

మేనేజరు విసుక్కుంటూనే ఫోన్లు పక్కన పెట్టి రాసింది. చకచకా, వేలు ఆనించకుండా. నాలుగో వరస తీసెయ్యమంటే తీసేసింది. కిందికి జరిపి చూడమంటే చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ మొదటి నుంచి రాసి, మళ్లీ తీసేసింది.

"ఇదేంటి? నేను సరిగ్గానే రాశానే," అంది.

అది వదిన అన్న మాటే. మేనేజరుకి కూడా ఆ సంగతి తోచినట్టుంది, తొట్టి వైపు చూసింది.

రిపేరక్క ఖాళీ ట్రేలు కొన్ని గట్టు మీద వరసగా పేర్చింది. చీటీలని ట్రేల మీద పెట్టలేదు, వాటి ముందు గట్టు మీద పెట్టింది. ఒక ట్రే తీసేసి మిగతావాటిని ముందుకి జరిపింది. చీటీలు ఉన్నచోటే ఉన్నాయి. "చీటీ ట్రేకి అంటించాలి మేడమ్. మా పేజీ గట్టుకి అంటించింది," అంది. "తప్పు మాది. మా ఆఫీసుది. అది కూడా రాసిస్తాను."

వంటవాళ్లు చేస్తున్న పని ఆపి చూస్తున్నారు. మేనేజరు ఆ ట్రేల వంక చూసి చూసి, వదినని పిలిచింది. వదిన తొడుగులు విప్పకుండానే వచ్చింది, నీళ్లు కారుతున్నాయి.

"మీరు సరిగ్గానే రాశారని మీకు తెలుసా?"

"మొన్న తెలిసిందండీ. ఇంట్లో చేసి చూపించింది."

"మరి తప్పు నాదని ఎందుకు రాసిచ్చారు?"

వదిన మరదలి వైపు చూడలేదు. తొడుగుల చివర నుంచి కారుతున్న నీళ్లని చూసుకుంది. "ఆ అమ్మాయికి ఇబ్బంది అవుతుందని. మా ఇల్లు నడిచేది దాని ఉద్యోగం మీదే." ఆగి, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు నెమ్మదిగా అంది. "నాకైతే అలవాటే కదండీ."

రిపేరక్క గట్టు మీద చీటీలని ఒక్కొక్కటిగా తీసి, ఏ ట్రేది ఆ ట్రేలో పెడుతూ ఉండిపోయింది. తలెత్తడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. మేనేజరు వదిన రాసిచ్చిన కాగితాన్ని బోర్లించి, దాని మీద ఒక ఫోను పెట్టింది. మధ్యాహ్నం ట్రేల వేళయింది, చీటీలు ఎవరు చేస్తారని అడిగింది. వదిన తొడుగులు విప్పింది. సంచిలోంచి మడత నలగని తెల్ల ఏప్రన్ తీసింది. తప్పు తనదేనని రాసివ్వడానికి వచ్చిన మనిషి దాన్ని సంచిలో తెచ్చుకుంది.

*

ఆ సాయంత్రం వంట రిపేరక్కే చేసింది. వదిన వచ్చేసరికి ఆలస్యమైంది, చేతులు కడుక్కుని నేరుగా బల్ల దగ్గర కూర్చుంది. ఆసుపత్రి సంగతి అందరికీ తెలిసిపోయింది. అత్తగారు అటు తిప్పి ఇటు తిప్పి, అయినా పలక సంగతి మాత్రం నిజమే అంది. యజమాని నుంచి, పొద్దున్నే వచ్చి తనని కలవమని ఫోనులో కబురుంది. రిపేరక్క ఫోను బోర్లించి వడ్డించింది.

మొదటి ముద్దకే అత్తగారి ముఖం ముడుచుకుంది. కూర ఉప్పు కషాయం. మొగుడు గ్లాసు అందుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ, ఏమీ అనుకోకుండానే, తలలు తిప్పి వదిన వంక చూశారు. చూస్తున్నామని కూడా వాళ్లకి తెలియదు. రిపేరక్క తన చూపు కూడా సగం దూరం వెళ్లి ఆగడం గమనించింది.

వదిన అలవాటుగా కుర్చీ వెనక్కి జరిపింది, లేవబోయింది. లేవలేదు. కుర్చీ మళ్లీ ముందుకి లాక్కుంది.

"నేను కాదు," అంది మామూలుగా, రేపు వానొస్తుందేమో అన్నట్టు. ఇంకో ముద్ద కలుపుకుంది.

అత్తగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ మాట ఆ ఇంట్లో ఆ గొంతులో ఎప్పుడూ వినలేదు.

"నేనే," అంది రిపేరక్క. "ఆలోచనలో పడి రెండుసార్లు వేశాను."

వదిన తల ఎత్తకుండా, నీళ్ల చెంబు ఆమె వైపు జరిపింది.